సాహసయాత్రకు సంచి సర్దేముందు

వర్షాకాలం ఆరంభంలో మా పూర్వ విద్యార్థి ఒకడు దుఆ కోరడానికి వచ్చాడు. మొబైల్ మరమ్మతుల దుకాణంలో పని. మిత్రులతో కలిసి వీపున సంచి తగిలించుకుని నేపాల్ వెళ్తున్నాడట. ఖర్చుల కాగితం చూపించాడు. మొత్తం 38,000 రూపాయలు. అందులో పారాగ్లైడింగ్, బంజీ జంప్, తెప్పల ప్రయాణం, ఈ మూడింటికే 15,000. తన చేతిలో ఉన్నది 18,000. మిగతా 20,000 ఫోన్‌లోని ఒక రుణ యాప్ ద్వారా, వడ్డీకి.

"హజ్రత్, ఆరు నెలల్లో తీర్చేస్తాను" అన్నాడు.

మేము సాహసక్రీడలకు వ్యతిరేకులం కాము. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. భూమిపై సంచరించి చూడమని దివ్యఖుర్‌ఆన్ పలుచోట్ల చెబుతోంది. ఇబ్నె బతూతా 1325లో టాంజియర్ నుంచి బయలుదేరినప్పుడు ఆయన వయస్సు 21 ఏళ్లే. మా అభ్యంతరమల్లా ఆ 20,000 గురించే. ఆకాశంలో కాసేపు ఎగరడానికి వడ్డీ పాపాన్ని నెత్తిన వేసుకోవడం ఏ లెక్కకు లాభం? షహీదు పాపాలన్నీ మన్నింపబడినా అప్పు మాత్రం మిగిలే ఉంటుందని హదీసు బోధిస్తున్నది. ఇంట్లో చెల్లెలి ఫీజు ఇంకా కట్టలేదని కూడా మాటల్లో తెలిసింది.

యమన్ వాసులు కొందరు దారిబత్తెం లేకుండానే హజ్‌కు వచ్చి, తాము అల్లాహ్‌ను నమ్ముకున్నామని చెప్పి, తీరా మక్కాలో చేయి చాచేవారని బుఖారీ గ్రంథంలో ఉంది. ప్రయాణ సామగ్రి సమకూర్చుకోమన్న ఆదేశం వచ్చిన సందర్భం అదే. మన కుర్రవాళ్ల కాగితాల్లో మొదట ఆటలుంటాయి, చివర అన్నం ఉంటుంది. అత్యవసరానికి అసలు గడే ఉండదు.

అందుచేత ఆ కాగితాన్ని తలకిందులుగా మళ్లీ రాయించాము. ముందు చెల్లెలి ఫీజు. తర్వాత రాకపోకలు, బస, భోజనం. ఆపై ముట్టుకోకూడని 5,000. మిగిలిందే ఆటలకు. విమానం మాని గోరఖ్‌పూర్ వరకు రైలు, సునౌలీ వద్ద సరిహద్దు దాటి పోఖరాకు బస్సు అనుకున్నాము. నేపాలీ రూపాయి విలువ మన రూపాయితో ముడిపడి ఉంది. మన 100 వారికి 160. పారాగ్లైడింగ్ ధర 9,600 అని విని వాడు హడలిపోయాడు. అవి ఏ రూపాయలో అడగనేలేదు! మన లెక్కలో అది 6,000. ధర చెప్పినప్పుడు ఏ దేశపు రూపాయలో, ఫొటోలూ వాహనమూ అందులో కలిసినవో లేవో, వాతావరణం అనుకూలించకపోతే డబ్బు తిరిగి ఇస్తారో లేదో ముందే అడగాలి.

అసలు చిక్కు మరొకటి. టికెట్లు చవకని వాడు ఎంచుకున్నది జూలై మాసం. అప్పుడు అక్కడ ముసురు. కొండచరియలు విరిగి దారులు మూసుకుంటాయి, మేఘాలు శిఖరాలను కప్పేస్తాయి. అక్టోబరు, నవంబరులలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నాలుగు నెలలు ఆగితే నెలకు 3,000 చొప్పున 12,000 కూడుతుంది, అప్పు అక్కర లేదు. వాడి ముఖం వాడిపోయింది. మిత్రులు ఎగతాళి చేస్తారన్నాడు. చేయనీ నాయనా, అన్నాము.

అన్నపూర్ణ బేస్ క్యాంపు వంటి నడకకు వెళ్లేవారు మరింత జాగ్రత్త వహించాలి. అది 4,130 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ సరుకు మనుషుల వీపులపై, కంచరగాడిదలపై చేరుతుంది గనుక అన్నం ధర కూడా ఎక్కుతుంది, ఏటీఎంలు దొరకవు. ఎత్తు పడక తలనొప్పి, వాంతులు వస్తే దిగిపోవడమే మందు. డబ్బు కట్టాము గదా అని పైకెక్కడం ప్రాణాలతో చెలగాటం. బీమా విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నవి, మీ ముఫ్తీ గారిని సంప్రదించండి. తీసుకునేవారు సాహసక్రీడలు, ఎత్తయిన ప్రదేశాలు అందులో వర్తిస్తాయో లేదో చదవాలి. చాలా పాలసీలలో వర్తించవు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌ను నమ్మమన్న ప్రవక్త (స) బోధ నడుముకు కట్టే పట్టీకీ వర్తిస్తుంది.

మాంసం హలాల్ అని నిర్ధారణ కానిచోట పప్పన్నం ఉండనే ఉంది.

నవంబరు చివరలో వాడు తిరిగివచ్చాడు. బంజీ, తెప్పలు మానుకున్నాడట. సారంగ్‌కోట్ కొండపై గాలి కోసం రెండు గంటలు వేచి ఉండి ఎగిరాడు, ఫేవా సరస్సు ఒడ్డున దిగి జుహర్ ఖస్ర్ చేశాడు. లెక్కల పుస్తకం మా ముందు పెట్టాడు. ముట్టుకోకూడని 5,000లో 700 మాత్రం ఖర్చయింది, ఒక మిత్రుడి జ్వరానికి మందులకు.