కొట్టేసిన కొలత కనబడాలి

చెరువులో పూడిక తీసినా, చెల్కలో కుంట తవ్వినా కూలి గిట్టుబాటయ్యేది కొలతను బట్టే. అందుకే మట్టి పనిలో గుంత మధ్యన ఒక దిమ్మెను తవ్వకుండా వదలడం పాత అలవాటు. లోతు ఎంతో చెప్పే సాక్షి అదే. కొలత ముగిసేదాకా దాన్ని ఎవరూ పడగొట్టరు. దేశంలో ఎన్నో ఆనకట్టల వద్ద మట్టి మోసిన పాలమూరు కూలీలకు ఈ సంగతి కొత్త కాదు.

కాగితం మీద అలాంటి సాక్షి కొలతల పుస్తకం. ఇంజనీర్లు దీన్ని ఎం.బుక్ అంటారు. పేజీలకు వరుస నంబర్లుంటాయి, ఒక్కటి కూడా చింపరాదు. అంకె తప్పు పడితే రబ్బరుతో చెరపరాదు, బ్లేడుతో గీకరాదు. పాత అంకె కనబడేలా గీత కొట్టి, సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. కొలతనే రద్దు చేస్తే కారణమూ రాయాలి.

ఇంత పట్టుదల ఎందుకు? 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల గుంత 60 సెంటీమీటర్ల లోతుంటే 30 ఘనపు మీటర్ల మట్టి. లోతు 50 అని పడితే 25 మాత్రమే. 5 ఘనపు మీటర్ల కష్టం లెక్కలో మాయమవుతుంది. లోతు ఎక్కువ పడితే ప్రజాధనానికి గండి.

కంప్యూటర్‌తో కొత్త చిక్కు

2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు అప్పటి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు తొలి విడతలోనే ఉన్నాయి. ఎస్టిమేట్లు, మస్టర్లు, కొలతలు కంప్యూటర్‌కెక్కాయి. కూడికల తప్పులు తగ్గాయి. అయితే కంప్యూటర్‌లో ఒక వరుస తీసేస్తే గీత మిగలదు, మొత్తం మాత్రం మారిపోతుంది. పాత అంకెను, దాన్ని తీసిన వారి పేరును ప్రోగ్రాం దాచిపెడితే తప్ప ఏం పోయిందో తెలియదు.

దీనికి సులువైన మార్గం ఉంది. తప్పు వరుసను అలాగే ఉంచి, దాని కింద అదే కొలతను మైనస్‌గా వేసి, ఆపైన సరైన కొలత రాయాలి. లెక్క సరిపోతుంది, పాతదీ కనబడుతుంది. గోడ కొలతలో తలుపులు, కిటికీల ఖాళీ తీసివేసేదీ ఈ పద్ధతిలోనే. పక్కన కారణం, తేదీ, పేరు ఉండాలి. దిద్దేముందు ఒక ప్రతి అచ్చు తీసి పెట్టుకుంటే మరీ మంచిది.

కూలీల చేతిలోనూ కొంత ఉంది. కొలిచిన రోజే పొడవు, వెడల్పు, లోతు, తేదీ ఒక నోట్‌బుక్కులో రాసుకోవాలి. అనుమానం వస్తే 2005 సమాచార హక్కు చట్టం కింద ఎం.బుక్ నకలు అడగవచ్చు, సర్కారీ పనిని చూడనివ్వమని కోరవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

లెక్క దిద్దడం తప్పు కాదు, దిద్దిన గుర్తు లేకుండా చేయడమే తప్పు. కొలత ఖరారయ్యేదాకా గుంతలో దిమ్మెను, లెక్కలో పాత అంకెను కాపాడుకోవాలి.