ఒకే నేల, మూడు విభజనలు

నాచారములో నివసించు విద్యార్థికి నివాస ధ్రువపత్రము కావలెననుకొనుడు. దానిని ఉప్పల్ మండల తహశీల్దారు ఇవ్వవలెను. అదే విద్యార్థి యింటి ముందరి వీథిదీపము వెలుగనిచో తహశీల్దారునకు విన్నవించి ప్రయోజనము లేదు. అది నగరపాలక సంస్థ పని. ఓటు హక్కు వచ్చిన పిదప అతడు ఉప్పల్ శాసనసభా నియోజకవర్గపు ఓటరు. ఒకే యింటికి ఇన్ని హద్దు లేల?

నదులు, కొండలు ప్రకృతి యేర్పరచిన హద్దులు. పరిపాలనా విభాగములు మానవులు తమ సౌకర్యమునకై యేర్పరచుకొన్నవి. ఎంత చిన్న దేశమునకైనను ఇవి తప్పవు. ఇటలీ నడుమనున్న శాన్ మారినో గణరాజ్యము వైశాల్యము సుమారు 61 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అదియును 9 విభాగములుగా నున్నది.

మన విభజనలలో మొదటిది రెవెన్యూ విభజన. దీనికి ఆధారము భూమి. గ్రామములు కలిసి మండలము, మండలములు కలిసి రెవెన్యూ డివిజను, డివిజనులు కలిసి జిల్లా యగును. పెట్టెలో పెట్టె వలె ఇవి ఒకదానిలో నొకటి ఇమిడియుండును.

రెండవది పురపాలక విభజన. నీరు, వీథిదీపములు, పారిశుధ్యము వంటి సేవలు దీనికి ఆధారము. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘములు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాదు నగరపాలక సంస్థతో కలిసి మహానగరపాలక సంస్థ యేర్పడెను. 2016 ఎన్నికల నాటికి నాచారము వార్డు కాప్రా సర్కిలులోను, ఉప్పల్ వార్డు ఉప్పల్ సర్కిలులోను ఉండెను. రెండును ఒకే మండలములోనివే! అనగా ఒక విభజనలోని పెట్టె మరియొక విభజనలోని పెట్టెలో ఇముడవలెనను నియమము లేదు.

మూడవది నియోజకవర్గము. దీనికి ఆధారము జనాభా. 2008 పునర్విభజనలో ఏర్పడిన ఉప్పల్ నియోజకవర్గమునకు 2009లో తొలి ఎన్నిక జరిగెను.

ఈ హద్దులు కాలముతో మారును. 1978 వరకు ఈ ప్రాంతము హైదరాబాదు జిల్లాలోనిది. పిదప రంగారెడ్డి జిల్లాలోనిది. 1985లో పెద్ద తాలూకాలకు బదులు చిన్న మండలములు వచ్చెను. కార్యాలయము ప్రజలకు చేరువ కావలెనన్నదే దాని యుద్దేశము. 2016 అక్టోబరు 11న ఉప్పల్ మండలము మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరెను.

కనుక 1990లో వ్రాసిన దస్తావేజులో రంగారెడ్డి జిల్లా యని యున్నంత మాత్రమున అది తప్పు కాదు. జిల్లా పేరు మారినది గాని నేల కదలలేదు. అట్టి పత్రమును చదువునప్పుడు గ్రామము, సర్వే నంబరు, వ్రాసిన తేదీ మూడింటిని కలిపి చూడవలెను.

ఉపాధ్యాయులు మూడు పలుచని కాగితములపై తమ ఊరి మూడు విభజనలను వేరువేరుగా గీయించి, ఒకదానిపై నొకటి పరిపించవచ్చును. ఏ పనికి ఏ గడప తొక్కవలెనో విద్యార్థులకు అప్పుడు తెలియును.