జట్టు ఓడితే కోచ్ ఎందుకు జవాబు చెప్పాలి?

పోయిన ఎపిసోడ్‌లో అమెరికా ఫుట్‌బాల్ జట్టు గురించి మాట్లాడుకున్నాం కదా. ఇక్కడ దాన్ని సాకర్ అంటారు. అది విని దోహా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, గోల్ కొట్టలేకపోయింది ఆటగాళ్లు. మరి ఉద్యోగం పోయేది కోచ్‌కేంది?" ఆ రోజు పూర్తిగా చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. క్లబ్ కోచ్ ఆటగాళ్లతో రోజూ ఉంటాడు, రోజూ నేర్పిస్తాడు. దేశం జట్టు కోచ్‌కి ఆ వీలు లేదు. ఆటగాళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు క్లబ్బుల దగ్గరే ఉంటారు, ఫిఫా కేటాయించిన కొద్ది రోజులకే వచ్చి కలుస్తారు. కాబట్టి కోచ్ చేతిలో ఉన్న అసలు పనిముట్టు పేర్ల లిస్టు. ఎవర్ని పిలవాలి, ఎవర్ని వదలాలి, ఎవర్ని ఎక్కడ ఆడించాలి. ఆయన ముందుగా జవాబు చెప్పాల్సింది ఆ లిస్టుకే.

2014 వరల్డ్ కప్‌కి కోచ్ యుర్గెన్ క్లిన్స్‌మన్ 23 మందిని ఎంచుకున్నారు. అందులో లాండన్ డోనవన్ పేరు లేదు. అప్పటికి అమెరికా తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్, 57, ఆయనవే. పెద్ద గొడవైంది. కానీ జట్టు గ్రూప్ దాటింది, గొడవ చల్లబడింది. 2016 నవంబర్‌లో మెక్సికో చేతిలో 2-1, కోస్టారికా చేతిలో 4-0 ఓడిపోగానే క్లిన్స్‌మన్‌ని తీసేశారు. గెలిచినన్నాళ్లు లిస్టును ఎవరూ గట్టిగా అడగరు. ఓడితే పాత లిస్టులన్నీ బయటికి తీస్తారు.

ఆయన తర్వాత బ్రూస్ అరీనా వచ్చారు. 2017 అక్టోబర్ 10న ట్రినిడాడ్‌తో డ్రా చేసుకున్నా సరిపోయేది, 2-1 తేడాతో ఓడారు. 1986 తర్వాత మొదటిసారి అమెరికా వరల్డ్ కప్‌కి పోలేకపోయింది. మూడు రోజులకే అరీనా రాజీనామా చేశారు.

ఇక 2024 కోపా అమెరికా, సొంత గడ్డ మీద. పనామా మ్యాచ్‌లో 18వ నిమిషంలో టిమ్ వెయా ప్రత్యర్థి తలమీద కొట్టి రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. అది ఆటగాడి తప్పే, కోచ్ చేయించింది కాదు. కానీ జట్టు గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. జులై 10న కోచ్ గ్రెగ్ బెర్‌హాల్టర్‌ని తీసేశారు. అయితే ఏడాది ముందు, 2023లో, ఆయన్ని రెండోసారి పిలిచి పని ఇచ్చింది ఫెడరేషనే. ఆటగాళ్లను ఎంచుకున్నవాడు జవాబు చెప్పాలంటే, కోచ్‌ని ఎంచుకున్నవాళ్లు కూడా చెప్పాలి. ఆ రెండో ప్రశ్న ఎక్కువ రోజులు నిలబడదు.

ఈ మాట నాకు నా పనిలోనే తెలిసొచ్చింది. గల్ఫ్‌లో ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు ఒక కాలమ్ పోతకు వైబ్రేటర్ పట్టమని మా ఊరి కుర్రాణ్ణి పెట్టాను. వాడికి ఆ పని కొత్త. నాలుగు ఓవర్‌టైం డబ్బులు వస్తాయని తెలిసే పెట్టాను. షట్టర్ విప్పితే కంకర బయటపడి ఉంది. ఇంజినీర్ అడిగితే "వాడు సరిగా పట్టలేదు సార్" అన్నాను. వాడికి మూడు రోజుల జీతం కోసేశారు. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ పేరు రాసింది నేను. నేర్పకుండా పంపిందీ నేనే.

అందుకే తమ్ముడూ, వెయా చేసిన తప్పుకు వెయానే జవాబు చెప్పాలి. కానీ లిస్టు రాసిన చేయి, ఓటమి రోజున జేబులో దాక్కోకూడదు. ఇవాళ నేను సైట్‌లో మనిషిని మార్చే ముందు ఒకటే చూసుకుంటా: వీణ్ణి ఇక్కడ పెట్టిందెవరు?

మీ దగ్గర తప్పెవరిది, కోతెవరికి పడింది? వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.