అమీర్‌పేట హాస్టల్ పిల్లలు, యవ్వనస్థుల సభలు

అమీర్‌పేటలో సెలవు రోజు ఎలా ఉంటుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. మైత్రీవనం ముందు జావా, పైథాన్, డేటా సైన్స్ అంటూ కాగితాలు పంచే కుర్రాళ్లు ఆ రోజు కనబడరు. కోచింగ్ సెంటర్ల మెట్ల మీద తోపులాట ఉండదు. టిఫిన్ బండ్ల దగ్గర పది దాటాక గానీ జనం చేరరు. ఊరికి వెళ్లి రావడానికి చార్జీలు లెక్క చూసుకునే పిల్లలు గదుల్లోనే ఉండిపోతారు. బట్టలు ఉతుక్కుంటారు, ఫోన్లు చూసుకుంటారు, మధ్యాహ్నం దాకా పడుకుంటారు. బల్కంపేట వైపు ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నదాన్ని, రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. క్లాసులున్న రోజున పిల్లలకు దిగులుపడే తీరిక ఉండదు. దిగులంతా సెలవు రోజునే.

ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 దగ్గరపడుతున్నాయంటే హైదరాబాదులో చాలా సంఘాలు యవ్వనస్థుల సభలు పెట్టేది అందుకే. పోస్టర్ల మీద యూత్ కన్వెన్షన్ అని ఉంటుంది. పిల్లలు యూత్ మీటింగ్ అంటారు. పొద్దున తొమ్మిదికి మొదలై సాయంత్రం అయిదారింటికి ముగిసే ఒక్క రోజు సభలు కొన్ని, ఊరి బయట రెండు మూడు రోజులు ఉండి జరుపుకొనేవి కొన్ని. చర్చికి వెళ్లే కుటుంబాలకు ఇదంతా మామూలే. వెళ్లని వాళ్లకు మాత్రం మైకుల మోత, చేతులెత్తిన గుంపు, కన్నీళ్లు, ఇంతే కనబడుతుంది. లోపల ఏం జరుగుతుందో, ఏం జరగాలో నాకు తెలిసినంత చెబుతాను.

కిందటి అక్టోబరు 2న మా పిల్లలతో కలిసి పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాలుకు వెళ్లాను. మెట్రోలో అయితే అమీర్‌పేట తర్వాతి స్టేషనే పంజాగుట్ట. పిల్లలు నడుద్దామన్నారు. పిల్లర్ల కింద మాట్లాడుకుంటూ వెళ్లాం. చీరాల పిల్ల ఉంది, కావలి పిల్ల ఉంది, నంద్యాల, ఖమ్మం పిల్లలున్నారు. జగిత్యాల నుంచి వచ్చి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి క్రైస్తవురాలు కాదు. గదిలో స్నేహితురాలు రమ్మంటే వచ్చింది. ఆ అమ్మాయి గురించి మళ్లీ చెబుతాను.

గుమ్మం దగ్గర పేరు రాయించుకుంటే మెడలో కార్డు వేసి, ఒక నోట్‌బుక్కు, పెన్ను ఇచ్చారు. భోజనంతో కలిపి 150 రూపాయలు. అదీ లేనివాళ్లను ఎవరూ అడగలేదు. మొదట ఆరాధన. కీబోర్డు, గిటారు, డ్రమ్స్ పెట్టి గంటసేపు పాటలు. అన్నీ కొత్త పాటలే అనుకుంటుంటే, పాడుతున్న కుర్రాడు వాయిద్యాలు ఆపమని సైగ చేసి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాత పాట ఎత్తుకున్నాడు. పురుషోత్తమ చౌదరి గారిది. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆ కవి కీర్తనను ఇరవై ఏళ్ల పిల్లలు పుస్తకం చూడకుండా పాడారు. అమ్మమ్మల పక్కన కూర్చుని నేర్చుకున్నది ఊరికే పోదు. తర్వాత వాక్యం, అంటే ప్రసంగం. ఆ తర్వాత సాక్ష్యాలు. తాగుడు మానుకున్న ఒక క్యాబ్ డ్రైవరు మాట్లాడాడు. నాలుగుసార్లు గ్రూప్స్ తప్పిన ఒక అమ్మాయి, తప్పాక కూడా ఎలా నిలబడిందో చెప్పింది. పాసైన కథలే వినిపించే ఈ పేటలో తప్పినవాళ్ల మాటకు మైకు దొరికింది అక్కడే.

మా అమ్మ కాలంలో సభలంటే హెబ్రోను. ముషీరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని ఆ ఆవరణలో భక్తసింగ్ గారు ఏటేటా హోలీ కాన్వొకేషన్లు జరిపించేవారు. పాత నిబంధనలో లేవీయకాండం 23వ అధ్యాయంలో చెప్పిన పండుగ కూటాలు దానికి ఆధారం. అమ్మ ఒంగోలు నుంచి రైల్లో వచ్చి, పందిట్లో చాప మీద పడుకుని, కూటాలన్నీ విని వెళ్లేది. వేలమంది నేల మీద బారులుగా కూర్చుని ఒకే వంట తినేవాళ్లు. ఏ కులమని అడిగే వీలే లేని పంక్తి అది. డబ్బు కోసం ఎవరినీ అడగకూడదన్నది భక్తసింగ్ గారి నియమం.

ఆయన కథ మా పిల్లలకు చెబుతుంటాను. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగు చదువు కోసం 1926లో లండను వెళ్లారు, అక్కడి నుంచి కెనడా. 1929లో విన్నిపెగ్‌లో చదువుకుంటూ, ఒక స్నేహితుణ్ని అడిగి కొత్త నిబంధన తీసుకుని చదవడం మొదలుపెట్టారు. 1933లో దేశానికి తిరిగొచ్చారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సంఘం మొదలైంది, ఆ తర్వాత హైదరాబాదులో హెబ్రోను. 2000 సెప్టెంబరు 17న ఇక్కడే కన్నుమూశారు. తెలుగునాట వేల కుటుంబాల తీరు మార్చిన మనిషి, మొదట ఊరుగాని ఊళ్లో గది అద్దెకు తీసుకుని ఉన్న ఒక విద్యార్థి. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు తలెత్తి వింటారు.

ఇంకా వెనక్కి వెళ్తే లండనులోనూ ఇలాంటి కథే ఉంది. పల్లె నుంచి వచ్చి బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరిన జార్జ్ విలియమ్స్ 22 ఏళ్ల వయసులో, 1844 జూన్ 6న, తనలాంటి మరి కొందరు కుర్రాళ్లతో కలిసి ఒక ప్రార్థన బృందం పెట్టాడు. దుకాణం పైగదుల్లోనే పడక, తెల్లారితే కిందికి దిగి పని, ఆ కుర్రాళ్ల జీవితం అంతే. ఆ బృందమే వైఎంసీఏ. మన నారాయణగూడలో వైఎంసీఏ అంటే బస్సు దిగే చోటుగానే చాలామందికి తెలుసు. దాని మూలం మాత్రం, పని కోసం పట్నం వచ్చి ఇరుకు గదుల్లో ఉన్న కుర్రాళ్ల ఒంటరితనం.

ఆ వైఎంసీఏలో కార్యదర్శిగా పనిచేసిన తమిళ యువకుడు వి.ఎస్. అజరయ్య. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభలకు వెళ్లొచ్చారు. 1909లో డోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకుని ఇక్కడి పల్లెల్లో పనిచేశారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. విద్యార్థుల మధ్య ఇలాంటి పని ఆ తర్వాతా సాగింది. కాలేజీ పిల్లల మధ్య ఇప్పటికీ పనిచేస్తున్న యు.ఇ.ఎస్.ఐ. అనే సంస్థ 1954లో మొదలైంది. ఇ.యు. అని పిలిచే చిన్న బృందాలు దానివే. పదిమంది విద్యార్థులు క్యాంపస్‌లో ఒక చెట్టు కిందో, ఎవరి గదిలోనో కూర్చుని బైబిలు చదువుకోవడమే దాని పద్ధతి. పెద్ద సభలు దానికి తోడు మాత్రమే. నాకు ఆ క్రమమే సరైనదనిపిస్తుంది.

పంజాగుట్ట సభలో మధ్యాహ్నం చికెన్ బిర్యానీ, పెరుగు చట్నీ. మిగిలింది పిల్లలే పొట్లాలు కట్టి నిమ్స్ గేటు దగ్గర రోగుల వెంట వచ్చిన వాళ్లకు ఇచ్చి వచ్చారు.

భోజనాలయ్యాక ప్రశ్నల గంట. నా మటుకు ఆ రోజంతటికీ గుండెకాయ అదే. పొద్దుననే ఒక అట్టపెట్టె పెట్టి, పేరు రాయకుండా చీటీ వేయమన్నారు. వేదిక మీద ఒక పాస్టరు గారు, ఒక డాక్టరమ్మ, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌గా ఉన్న ఒక బ్రదర్ కూర్చున్నారు. పెట్టె తెరిస్తే చీటీలు బల్ల నిండాయి.

మొదటి చీటీ: ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుంటే పాపమా? అమీర్‌పేటలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న వివరించక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతాను. డబ్బు తీసుకుని, చేయని ఉద్యోగానికి మూడేళ్లు చేసినట్టు కాగితాలు పుట్టించే కన్సల్టెన్సీలు ఉన్నాయి. ఫ్రెషర్లను ఎవరూ పిలవడం లేదు, చదువు అప్పు వాయిదా మొదలైపోయింది, ఇంట్లో రోజూ ఫోను. అలాంటి పిల్లకు తప్పు అని ఒక్క మాట చెప్పి చీటీ మడిచేస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు. టీమ్ లీడ్ అలా చేయలేదు. వెరిఫికేషన్‌లో పట్టుబడి మధ్యాహ్నానికల్లా కంపెనీ ల్యాప్‌టాప్ అప్పజెప్పి వెళ్లిపోయిన ఒక కుర్రాడి సంగతి చెప్పాడు. అబద్ధంతో వచ్చిన ఉద్యోగంలో ప్రతి రోజూ భయంతోనే గడుస్తుందన్నాడు. ఆ తర్వాత, "మీరు ఫ్రెషర్ అనే రాయండి. శనివారాలు నేను మాక్ ఇంటర్వ్యూలు చేస్తాను. పేర్లు ఇవ్వండి" అన్నాడు. పేర్లు ఇవ్వడానికి లేచినవాళ్లతో వరస గుమ్మం దాకా పోయింది. దేవుడి మాట చెప్పిన మనిషి తన శనివారం కూడా ఇచ్చాడు. నేను విన్న ప్రసంగాలన్నిట్లో బలమైనది అది.

ఇంకో చీటీ చదివేటప్పుడు పాస్టరు గారి గొంతు తడబడింది. "మేం పుట్టినప్పటి నుంచి చర్చికి వెళ్తాం. నా సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంది. ప్రార్థన చేసుకునేటప్పుడల్లా అబద్ధం ఆడుతున్నట్టు ఉంటుంది." దీని వెనక ఉన్న చట్టం చాలామందికి తెలియదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీ కుటుంబాలు బీసీ-సి కిందికి వస్తాయి. ఆ విభాగానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. ఊళ్లో వాడ మారదు, పిలుపు మారదు, కాగితం ఒక్కటే మారుతుంది. చదువుకునే పిల్ల ఆ కాగితానికీ తన ప్రార్థనకూ మధ్య నలిగిపోతోంది. పాస్టరు గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఈ భారం పిల్లల మీద వేసింది పెద్దవాళ్లమేనని, చట్టం దగ్గర అడగాల్సింది, సంఘంలో మాట్లాడాల్సింది పెద్దలేనని అన్నారు. పూర్తి జవాబు కాదది. అయినా ఆ చీటీని పక్కన పెట్టకుండా అందరి ముందూ చదివినందుకు ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తాను.

పెళ్లి సంబంధాల్లో కులం గురించి వచ్చినవి చాలా ఉన్నాయి. ఆదివారం ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకునే కుటుంబాలు, సంబంధం మాట రాగానే కులం ఎందుకు అడుగుతాయని పిల్లలు నిలదీశారు. హాల్లో వెనక వరసల్లో కూర్చున్న పెద్దవాళ్లు వినాల్సిన ప్రశ్న అది. రూమ్మేట్ బోనాల ప్రసాదం పెడితే ఏం చేయాలని ఒకరు అడిగారు. బల్కంపేట ఎల్లమ్మ గుడి సందుల్లో ఉండే మా పిల్లలకు ఇది ప్రతి ఆషాఢం వచ్చే సంగతే. డాక్టరమ్మ, మన నమ్మకం మన దగ్గర ఉంచుకుని ఎదుటివాళ్ల ప్రేమను గాయపరచకుండా మాట్లాడటం నేర్చుకోండి అన్నారు. ఈ చీటీ వేసింది ఎవరో నాకు తెలియదు గానీ, జగిత్యాల అమ్మాయి ఆ జవాబుకు తల ఊపడం చూశాను. ఆ రోజు ఆమెను ఎవరూ ముందుకు రమ్మని లాగలేదు, ఏ కాగితం మీదా సంతకం అడగలేదు. భోంచేసింది, స్నేహితురాలి పక్కన కూర్చుని విన్నది, వచ్చేసింది. అలాగే ఉండాలి. రమ్మనడం వరకే మనిషి పని.

చివర తీర్మానాల ప్రార్థన. కీబోర్డు మెల్లగా మోగుతుంటే పిల్లలు ముందుకు వెళ్లి మోకాళ్లూనారు. ఆ కన్నీళ్లు నిజమైనవని నమ్మేదాన్ని నేను. ఏడాది పొడుగునా ఎవరికీ చెప్పని మాట దేవుడికి చెప్పుకుంటున్న పిల్లలు వాళ్లు. అయితే ఇంకో ఏడు, ఇంకో చోట జరిగిన సభ కూడా చూశాను. పేరు అనవసరం. రాత్రి తొమ్మిది దాటేదాకా పాటలు, కన్నీళ్లు. ఆపైన లైట్లు ఆర్పేశారు. ఏడుస్తున్న పిల్లను ఏమైందమ్మా అని అడిగినవాళ్లు లేరు, హాస్టల్‌కు ఎలా వెళ్తావని అడిగినవాళ్లూ లేరు. పంజాగుట్టలో అలా కాదు. ముందుకు వెళ్లిన ప్రతి అమ్మాయి పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఫోన్ నంబరు తీసుకుంది. ఆరింటికి సభ ముగిసింది. చీరాల పిల్ల పక్కన కూర్చున్న అక్కయ్య ఇప్పుడు మా హాస్టల్ డాబా మీదికి శనివారం సాయంత్రాలు వస్తోంది. ఒక అధ్యాయం చదువుతారు, ఆ తర్వాత రెజ్యూమెలు దిద్దుకుంటారు. జగిత్యాల అమ్మాయి అధ్యాయానికి రాదు, రెజ్యూమెకు వస్తుంది.

సభలు పెట్టే సంఘాల పెద్దలకు నాదొక మనవి. హాలుకు, సౌండ్‌కు, వక్తల ప్రయాణానికి ఖర్చు పెడుతున్నారు. మంచిదే. పిల్లలు అడగడానికి కూడా ఒక గంట కచ్చితంగా పెట్టండి. జవాబు చెప్పడానికి పాస్టరుతో పాటు ఉద్యోగం చేసే మనిషిని, ఒక ఆడమనిషిని కూర్చోబెట్టండి. సాయంత్రం ఆరుకల్లా ముగించండి. సభ అయ్యాక మూడు నెలల పాటు ఒక్కొక్కరికి ఫోను చేసేవాళ్లెవరో ముందే అనుకోండి. ఊళ్లలో ఉన్న అమ్మానాన్నలకు కూడా ఒక మాట. మీ పిల్ల ఇలాంటి సభకు వెళ్తానంటే భయపడకండి. ఎక్కడ, ఎవరు పెడుతున్నారు, ఎన్నింటికి అయిపోతుంది అని అడిగి పంపండి. తిరిగొచ్చాక మాత్రం పరీక్ష సంగతి పక్కనబెట్టి, అక్కడ ఏం విన్నావమ్మా అని ఫోనులో అడగండి.