ఎర్రమట్టి సెల్లార్‌లో ఎదిగిన స్నేహం

అట్లాంటా అనగానే మనవాళ్లకు ఆల్ఫరెట్టా, కమ్మింగ్ గుర్తొస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, తెలుగు సంఘాల వేడుకలు, గుళ్లు, కిరాణా దుకాణాలు అన్నీ ఆ ఉత్తరపు శివార్లలోనే. అదే నగరంలో దక్షిణం వైపు లేక్‌వుడ్ హైట్స్ అని నల్లజాతి కుటుంబాలుండే పేట ఒకటుంది. 1990ల మొదట్లో అక్కడి ఒక ఇంటి సెల్లార్‌లో, ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లు కూడి కట్టిన పాటలు అమెరికా హిప్-హాప్‌ను కొత్త దారి పట్టించాయి.

ఆ ఇంట్లో రికో వేడ్ అనే యువకుడు తల్లితో ఉండేవాడు. సెల్లార్‌లో కనీసం గచ్చు కూడా లేదు, కాళ్ల కింద జార్జియా ఎర్రమట్టే. దానికి కుర్రాళ్లు ‘డంజన్’ అని పేరు పెట్టుకున్నారు, అంటే చీకటి కొట్టు. రికోకు రే ముర్రే, స్లీపీ బ్రౌన్ తోడయ్యారు. రే ముర్రేకు డ్రమ్ మెషీన్ మీద మంచి పట్టు. స్లీపీది కమ్మని గొంతు. అతని తండ్రి ‘బ్రిక్’ అనే ఫంక్ బ్యాండ్‌లో వాయించినవాడు, కాబట్టి సంగీతం ఇంట్లోనే అబ్బింది. ముగ్గురూ కలిసి ‘ఆర్గనైజ్డ్ నాయిజ్’ అనే ప్రొడ్యూసర్ల జట్టుగా ఏర్పడ్డారు. రికోకు ఇంకో గుణం ఉంది. ఎవరిలో ఏ సత్తా ఉందో ఇట్టే పసిగట్టి, ఇంటికి పిలుచుకొచ్చేవాడు.

అలా వచ్చినవాళ్లే ఆండ్రే బెంజమిన్, ఆంట్వాన్ పాటన్. ఇద్దరూ ఈస్ట్ పాయింట్‌లోని ట్రై-సిటీస్ హైస్కూల్లో చదువుకునేవాళ్లు. రికో పనిచేసే సౌందర్య సామగ్రి దుకాణం దగ్గరికి వెళ్లి, ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’ వాళ్ల ఒక బీట్ పెట్టించుకుని, ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా ర్యాప్ చేసి వినిపించారు. రికో వాళ్లను తిన్నగా డంజన్‌కు తీసుకెళ్లాడు. ఆ జంటే ‘ఔట్‌కాస్ట్’. ఆంట్వాన్ బిగ్ బోయ్ అయ్యాడు, ఆండ్రే తర్వాతి కాలంలో ఆండ్రే 3000 అనిపించుకున్నాడు.

డంజన్‌లో చనువుకూ పోటీకీ మధ్య అడ్డుగోడ ఉండేది కాదు. ఒకవైపు బీట్ మోగుతుంటే, దొరికిన చోట కూర్చుని ఎవరి చరణం వాళ్లు రాసుకునేవాళ్లు. దాన్ని ముందుగా వినేది పక్కనున్న నేస్తాలే. వాళ్లను మెప్పించడం తేలికేమీ కాదు, ఎందుకంటే వాళ్లూ రాసేవాళ్లే. ఔట్‌కాస్ట్ మొదటి ఆల్బమ్‌లోని ‘గిట్ అప్, గిట్ ఔట్’ వింటే ఆ వాతావరణం తెలుస్తుంది. ఏడు నిమిషాలు దాటిన ఆ పాటలో సీలో గ్రీన్, బిగ్ గిప్ కూడా గొంతు కలిపారు. పొద్దంతా ఇంట్లో పడుకోకుండా లేచి ఏదైనా చెయ్యమని ఒకరినొకరు గదమాయించుకోవడమే ఆ పాట సారం. సీలో, గిప్ ఉన్న ‘గూడీ మాబ్’ జట్టు తన సొంత ఆల్బమ్ ‘సోల్ ఫుడ్’ తెచ్చింది 1995లో. అంతకు ఏడాది ముందే స్నేహితులు తమ ఆల్బమ్‌లో వాళ్లకు చోటిచ్చారు.

లాఫేస్ రికార్డ్స్ అనే సంస్థ 1993లో ఒక క్రిస్మస్ ఆల్బమ్ కోసం ఔట్‌కాస్ట్‌తో పాట చేయించింది. అదే ‘ప్లేయర్స్ బాల్’. పండగ పాటల మధ్య వచ్చిన అది ర్యాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పూర్తి ఆల్బమ్ వచ్చింది. అయితే హిప్-హాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజెలెస్ అనుకునే రోజులవి. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ అవార్డుల సభలో ఉత్తమ కొత్త జట్టుగా ఔట్‌కాస్ట్ పేరు పిలవగానే జనం గోల చేశారు. ఆండ్రే మైకు అందుకుని, దక్షిణాదికీ చెప్పాల్సిన మాట ఉందని తెగేసి చెప్పాడు. అట్లాంటా ర్యాపర్లు ఈనాటికీ ఆ క్షణాన్ని తలుచుకుంటారు.

అంతకన్నా తలుచుకోవలసిన సంగతి ఇంకొకటుంది. మొదటి ఆల్బమ్ బీట్లన్నీ ఆర్గనైజ్డ్ నాయిజ్‌వే. పైగా 1995లో టీఎల్‌సీ జట్టుకు వాళ్లు చేసిన ‘వాటర్‌ఫాల్స్’ ఏడు వారాలు బిల్‌బోర్డ్ పట్టికలో అగ్రస్థానంలో నిలిచింది. అంత గిరాకీ ఉన్నవాళ్లు తమ విద్యను గుప్పిట్లో దాచుకోలేదు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న ఆండ్రే, బిగ్ బోయ్ సొంతంగా యంత్రాలు కొనుక్కుని బీట్లు కట్టడం మొదలుపెట్టారు. 1996 నాటి ‘ఏటీలియన్స్’ ఆల్బమ్ నుంచి ముందుగా విడుదలైన ‘ఎలివేటర్స్’ వాళ్లు చేసుకున్నదే. మరో స్నేహితుడు మిస్టర్ డీజేతో కలిసి ఆ తర్వాత ఆల్బమ్‌లలో పెద్ద భాగం తామే చేసుకున్నారు. శిష్యులు నేర్చిన కొద్దీ గురువుల వాటా తగ్గుతుంది. అది తెలిసీ నేర్పించారు. ‘డంజన్ ఫ్యామిలీ’ అని పేరుపడ్డ ఈ బృందం గొప్పతనం అమ్ముడైన రికార్డుల్లో కంటే ఇందులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఔట్‌కాస్ట్ జంట మధ్య కూడా ఆ విశాలత్వమే ఉంది. 1998 నాటి ‘అక్వెమినై’ ఆల్బమ్ పేరు ఇద్దరి రాశులను కలిపి కుట్టింది, ఒకరిది కుంభం, ఒకరిది మిథునం. అయిదేళ్లకు అభిరుచులు దూరమయ్యాయి. 2003లో ఎవరి ఆల్బమ్ వాళ్లు చేసుకుని, రెంటినీ ఒకే జట్టు పేరుతో ‘స్పీకర్‌బాక్స్/ద లవ్ బిలో’గా విడుదల చేశారు. 2004లో అది ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ గెలిచింది. 2006 తర్వాత ఇద్దరూ కలిసి కొత్త ఆల్బమ్ చేయలేదు. కానీ 2019లో డంజన్ ఉన్న ఆ పాత ఇల్లు అమ్మకానికొస్తే కొన్నది బిగ్ బోయే.

డంజన్ తలుపు తర్వాతివాళ్లకూ తెరిచే ఉంది. ర్యాపర్ కిల్లర్ మైక్‌ను 2000 నాటి ‘స్టాంకోనియా’ ఆల్బమ్‌లో లోకానికి పరిచయం చేసింది ఔట్‌కాస్టే. ఇప్పుడు అమెరికాలో మారుమోగే ర్యాపర్ ఫ్యూచర్, రికోకు దగ్గరి బంధువు, ఆ కుటుంబం దగ్గరే పాఠాలు నేర్చినవాడు. 2024 ఫిబ్రవరిలో కిల్లర్ మైక్‌కు మూడు గ్రామీలు వచ్చాయి. అందులో రెండింటిని తెచ్చిన పాటలో ఆండ్రే, ఫ్యూచర్ ఇద్దరూ ఉన్నారు. రెండు నెలలకు, ఏప్రిల్‌లో, రికో వేడ్ 52 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఈ పాటలు వినాలనుకునేవాళ్లు ‘అక్వెమినై’తో మొదలుపెట్టి ‘సోల్ ఫుడ్’కు రండి. మాటల్లో కొంత మొరటుదనం ఉంటుంది, యాస మొదట కాస్త ఇబ్బంది పెడుతుంది. సాహిత్యం ఎదురుగా పెట్టుకుని రెండోసారి వినండి.