ఒట్టు తీసి గట్టున పెట్టు

మా అమ్మాయి హైస్కూల్లో తనని 'పీర్ లీడర్'గా ఎంచుకున్నారని చెప్పినప్పుడు, దానికి కాలేజీ అప్లికేషన్లో విలువేమైనా ఉంటుందా అని అడిగాను. తర్వాత, తోటిపిల్లల బాధలు నెత్తికెత్తుకోవడానికి 16 ఏళ్ళ పిల్లవి నువ్వేమన్నా డాక్టరువా అన్నాను. మొదటి ప్రశ్నకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. రెండోది మాత్రం తల్లిదండ్రులు అడగవలసిందే.

ఆ కార్యక్రమం పేరు సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్. 1998లో మార్క్ లొమరీ అనే ఆయన నార్త్ డకోటాలో మొదలుపెట్టారు. ఇందులో పిల్లలు కౌన్సిలర్లు కారు. ఫస్టు మార్కులవాళ్ళనే కాకుండా బడిలోని రకరకాల గుంపుల నుంచి, తోటివాళ్ళు ఎవరి మాట వింటారో చూసి ఎంచుకుంటారు. వెనక పెద్దలు ఉంటారు. కుటుంబం, మంచి స్నేహాలు, దారిచూపే పెద్దలు, ఆటపాటలు, ఇతరులకి సాయపడటం, ఆధ్యాత్మికత, శరీరారోగ్యం, మానసికారోగ్యం అని ఎనిమిది ఆసరాలు చెబుతారు. మనిషికి ఎనిమిదీ ఉండవు. ఉన్నవాటిని గుర్తించి, కష్టం వచ్చినప్పుడు పట్టుకోవడమే సంగతి.

అసలు కీలకం ఒట్టు దగ్గర ఉంది. బతకాలని లేదన్న మాట ఈ వయసు పిల్లలు అమ్మానాన్నల కన్నా ముందు స్నేహితులకే చెప్పడం మామూలు. చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంటారు. విన్న పిల్ల ఆ బరువు ఒక్కతే మోస్తుంది. ఆ ఒక్క ఒట్టూ తీసి గట్టున పెట్టి, నమ్మకమైన పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళమని ఈ శిక్షణ నేర్పుతుంది. 18 హైస్కూళ్ళలో జరిపిన పరిశోధన ఒకటి 2010లో అచ్చయింది. పెద్ద బళ్ళలో శిక్షణ పొందిన పిల్లలు, పొందనివాళ్ళకంటే నాలుగురెట్లు ఎక్కువగా అలాంటి స్నేహితుల సంగతి పెద్దలకి చేరవేశారట. అయితే ఎన్ని ప్రాణాలు నిలిచాయన్నది ఆ పరిశోధన కొలవలేదు.

కాలేజీల్లో ఉన్న యాక్టివ్ మైండ్స్ కథ కూడా మౌనంతోనే మొదలైంది. కొలంబియా యూనివర్సిటీలో చదివిన బ్రయన్ మాల్మన్ తన జబ్బుని చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియనివ్వలేదు. 2000లో ప్రాణం తీసుకున్నాడు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చదువుతున్న చెల్లెలు ఆలిసన్ ఆ మరుసటి ఏడు, విద్యార్థులు ఇలాంటివి బాహాటంగా మాట్లాడుకోవాలని ఒక సంఘం పెట్టింది. అదే ఇప్పుడు దేశమంతా ఉంది.

మన ఇళ్ళలో దీనికి ఎదురయ్యేది ఇంటిగుట్టు. షుగరు వచ్చిందని పార్టీలో చెప్పుకుంటాం, మనసుకి వచ్చింది మాత్రం ఇండియాలో అమ్మమ్మకి కూడా తెలియనివ్వం. బడిలో ఒకసారి పిల్లల చేత తాము నమ్మే పెద్దవాళ్ళ పేరు కాగితం మీద రాయించారు. మా అమ్మాయి ఆర్కెస్ట్రా టీచరు పేరు రాసింది. మేమెందుకు లేమని అడిగితే, "మీకు చెప్తే ముందు ఎవరికీ చెప్పొద్దంటారు, తర్వాత ఆ పిల్లతో తిరగొద్దంటారు" అంది. నిజమే, అలాగే అనేవాళ్ళం.

ఆ తర్వాత ఒక శనివారం రాత్రి 11 దాటాక మా గది తలుపు కొట్టింది. ఒట్టు వేశానంటూనే స్నేహితురాలి సంగతి చెప్పింది. బడి లేదు, టీచరు అందుబాటులో లేరు. 2022 నుంచి దేశమంతా పనిచేస్తున్న 988 నంబరుకి ఫోన్ చేశాం. ఆపదలో ఉన్నవాళ్ళే కానక్కర్లేదు, వాళ్ళ గురించి బెంగపడేవాళ్ళు కూడా ఏ వేళలోనైనా చేయొచ్చు. వాళ్ళు చెప్పినట్టు అప్పుడే ఆ పిల్ల తల్లికి కబురు చేశాం. సోమవారం బడి కౌన్సిలరుతో మాట్లాడాం.

ఆ పిల్లకి ఇప్పుడు వైద్యం జరుగుతోంది. మా అమ్మాయితో రెండు నెలలు మాట్లాడలేదు.