గోటితో పోయేది గొడ్డలిదాకా రానివ్వద్దు

ఆషాఢం వచ్చిందంటే గోదావరి డెల్టాలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి సార్వా నాట్లు. రెండోది గోరింటాకు. పగలంతా దమ్ము చేసిన చేలో వంగి నాట్లు వేసిన ఆడవాళ్ళే రాత్రి అన్నాలయ్యాక రుబ్బిన ఆకు వేళ్ళకు పెట్టుకుని, తెల్లవారేసరికి ఎర్రగా పండిన గోళ్ళతో మళ్ళీ చేలోకి దిగుతారు.

పండిన గోరు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ఎరుపు కింద గోరు ఏ స్థితిలో ఉందో చూసుకునేవారు మాత్రం తక్కువ. కొసన పొరలు పొరలుగా లేచి చీర దారాలకు తగులుకునే గోరు, నారు పీకుతుంటే పుటుక్కున విరిగే గోరు, మొదట్లో వాచి సలిపే గోరు నాట్ల కాలంలో ఇంటింటా కనిపిస్తాయి. కాయకష్టం చేసుకునేవారికి ఇవి మామూలేనని సరిపెట్టుకోవడమూ మామూలే.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకూడదని సామెత. గోళ్ళ విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. పెళుసు గోళ్ళలో ఎక్కువ భాగం కొబ్బరి నూనెతో, పొడి గుడ్డతో బాగుపడేవే. కొన్ని మాత్రం ఒంట్లో రక్తం తక్కువైందని ముందుగా చెప్పే కబుర్లు. ఏది ఏదో తెలుసుకోవడమే ముఖ్యం.

నానడం, ఎండడం

గోరు కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. వెంట్రుకలోనూ, పశువుల కొమ్ములోనూ, గిట్టలోనూ ఉండేది ఇదే. పైకి కనిపించే గోటికి ప్రాణం లేదు. కత్తిరిస్తే నొప్పి పుట్టకపోవడానికి కారణమదే. ప్రాణమున్నది గోరు మొదట్లో, చర్మం కింద. అక్కడ పుట్టిన పలుచని పొరలు ఒకదానికొకటి అతుక్కుని గోరుగా ముందుకు జరుగుతాయి.

గోరు గట్టిగా కనిపించినా నీటిని బాగా పీల్చుకుంటుంది. నానితే ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోతుంది. వానాకాలంలో ఉబ్బిన తలుపు చెక్క ఎండాకాలంలో నెర్రెలిచ్చినట్లే, రోజుకు పదిసార్లు నాని పదిసార్లు ఎండిన గోటి పొరలు పట్టు వదిలి కొస నుంచి విడిపోతాయి. సబ్బుపొడి, చాకలి సోడా, బ్లీచింగ్ పౌడర్ తోడైతే గోటిలో ఉండే కాస్త జిడ్డు కూడా పోతుంది.

అందువల్లే ఈ బాధ నాట్లు వేసేవారికి, ఇళ్ళలో అంట్లు తోమేవారికి, బట్టలు ఉతికేవారికి, రొయ్యల షెడ్లలో పొట్టు తీసేవారికి ఎక్కువ. ఇంటి చాకిరీ ఆడవారి మీదే పడుతుంది కనుక పెళుసు గోళ్ళు కూడా వారిలోనే ఎక్కువగా కనిపిస్తాయి. వయసు మీరినవారి గోళ్ళ మీద నిలువు గీతలు పడి కొసలు చిట్లడం మాత్రం తల నెరవడం లాంటిదే. దానికి భయపడనక్కరలేదు.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. చేతి గోళ్ళు చిట్లుతూ కాలి గోళ్ళు గట్టిగా ఉంటే తప్పు నీళ్ళది, సబ్బుది. కాలి గోళ్ళు కూడా పాడైతే కారణం ఒంట్లో వెతకాలి. నాట్లు వేసేవారి కాళ్ళు కూడా నీళ్ళలోనే నానుతాయి కనుక ఈ పరీక్ష వారికి పనికిరాదు.

గోరింటాకు చెప్పే లెక్క

గోరు అంటే ఆకు గోరింటాకు. అందులోని లాసోన్ అనే రంగు పదార్థం గోటి కెరటిన్‌తో కలిసిపోతుంది. చర్మం మీది ఎరుపు రెండు మూడు వారాలకు వెలిసిపోతుంది కాని గోటి మీది ఎరుపు గోరు పెరిగి తెగేదాకా పోదు. నీళ్ళలో నానే కాలంలో గోరింటాకు వేళ్ళను కాపాడుతుందని పెద్దలు చెబుతారు. లాసోన్ కొన్ని రకాల బూజును అణచగలదని ప్రయోగశాలల్లో తేలింది కూడా. అయితే పట్టిన పుచ్చును గోరింటాకు నయం చేస్తుందనుకోవడం పొరపాటు.

గోరింటాకు చేసే అసలు మేలు మరొకటి ఉంది. గోరు ఎంత నెమ్మదిగా పెరుగుతుందో అది కళ్ళకు కట్టి చూపిస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆషాఢంలో పండిన గోరు దసరా నాటికి సగం తెల్లబడుతుంది. సంక్రాంతి వచ్చేసరికి ఎరుపు కొసన అంచుగా మిగులుతుంది. అంటే పాత గోరు పోయి పూర్తిగా కొత్త గోరు రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలి గోటికి ఏడాది నుంచి ఏడాదిన్నర.

ఏ చిట్కా అయినా వారంలో ఫలితం ఇవ్వలేదని మానేసేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఈ రోజు మొదలుపెట్టిన జాగ్రత్త కొసకు చేరేది ఆరు నెలలకు.

గోరింటాకు అంటే చెట్టు ఆకే కావాలి. నల్లగా పండుతుందని, పది నిమిషాల్లో పండుతుందని అమ్మే కోన్లలో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలిపే ప్రమాదం ఉంది. దానివల్ల చేతులు బొబ్బలెక్కుతాయి. ఒకసారి పడకపోతే ఆ తర్వాత జుట్టుకు రంగు వేసుకున్నా ప్రమాదమే. నెలల పసికందులకు అసలు ఆకు కూడా పెట్టకపోవడం మంచిది. జీ6పీడీ లోపం ఉన్న బిడ్డలకు దానివల్ల రక్తం విరిగి పచ్చకామెర్లు వచ్చిన సందర్భాలున్నాయి.

నూనె, గుడ్డ, కత్తెర

పెళుసు గోళ్ళకు మొదటి మందు కోనసీమలో ప్రతి ఇంటా ఉండే కొబ్బరి నూనె. గోటికి ప్రాణం లేదు కనుక నూనె దానికి బలం పెట్టదు. గోటిలోని తడి ఆవిరైపోకుండా కాపాడుతుంది, అంతే. ఆ మేలు చాలు.

రాత్రి పడుకునేముందు చేతులు గోరువెచ్చని నీటిలో అయిదు నిమిషాలు ఉంచి, తుడుచుకుని, వెంటనే గోటికీ చుట్టూ ఉన్న చర్మానికీ నూనె పట్టించాలి. ఆముదమైనా, వ్యాజిలీన్ అయినా సరే. గిన్నెలు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. లోపల నూలు గుడ్డ తొడుగు ఉంటే చెమటకు నానవు. నాట్లు వేసేవారికి తొడుగులతో నారు పట్టు దొరకదు. వారు చేలోకి దిగేముందు వేళ్ళకు నూనె గాని వ్యాజిలీన్ గాని దట్టంగా రాసుకుని, గట్టెక్కాక మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో సైతం పొడి గుడ్డతో తుడుచుకోవాలి.

గోళ్ళను పొట్టిగా ఉంచుకోవాలి. స్నానం చేశాక మెత్తబడి ఉన్నప్పుడు తీసుకుంటే చిట్లవు. మంగళ, శుక్రవారాల్లో గోళ్ళు తీయరాదనే ఆనవాయితీ ఉన్న ఇళ్ళలో కూడా వారానికి ఇంకా అయిదు రోజులు మిగిలే ఉంటాయి. గోళ్ళు కొరకడం, డబ్బా మూతలు గోటితో లేపడం మానాలి. గోరు మొదట్లో అతుక్కుని ఉండే సన్నని తోలును కత్తిరించకూడదు. నీళ్ళు, సూక్ష్మజీవులు లోపలికి పోకుండా కాసే గట్టు అదే. గోళ్ళరంగు తుడిచే ఎసిటోన్ గోటిని ఎండగొడుతుంది. తరచుగా వాడకపోవడం మేలు.

నిమ్మరసం, ఉప్పు కలిపి గోళ్ళు రుద్దితే గట్టిపడతాయని కొందరంటారు. పులుపు గోటిని మరింత ఎండబెడుతుంది. పచ్చి వెల్లుల్లి నూరి కడితే చర్మం కాలుతుంది. ఈ రెండూ వద్దు.

గోరుచుట్టుకు నిమ్మకాయ

గోరుచుట్టు వస్తే నిమ్మకాయకు రంధ్రం చేసి వేలికి తొడగడం తెలుగునాట తరతరాల వైద్యం. తొడిగిన వేలు చల్లగా ఉండి కాస్త హాయి అనిపించవచ్చు. లోపల చేరిన చీమును మాత్రం నిమ్మకాయ తీయలేదు. కొందరు సున్నం పూస్తారు. అది చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

వాపు కొత్తగా మొదలైనప్పుడు గోరువెచ్చని ఉప్పునీటిలో వేలిని పది, పదిహేను నిమిషాలు ఉంచి పొడిగా తుడుచుకోవాలి. రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే చాలామందికి తగ్గిపోతుంది. చీము తెల్లగా కనిపించినా, ఎరుపు వేలి మీదుగా పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్ళాలి. సూదితో ఇంట్లో పొడుచుకోరాదు. మధుమేహం ఉన్నవారు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. వారికి చిన్న గోరుచుట్టే వేలు తీసేదాకా పోవచ్చు.

నెలల తరబడి వస్తూ పోతూ ఉండే గోరుచుట్టు వేరు. అది తడి వల్ల పుట్టేది. దానికి ముఖ్యమైన మందు వేలిని పొడిగా ఉంచడమే. గోరు పసుపుపచ్చగా మారి, దళసరెక్కి, పిండిలా రాలుతుంటే బూజు పట్టి ఉండవచ్చు. పిప్పి గోళ్ళన్నీ బూజు వల్లనే రావు కనుక పరీక్ష చేయించాకే నెలలపాటు వాడవలసిన ఆ మాత్రలు మొదలుపెట్టాలి.

గోటి మీద నీటిబొట్టు నిలిస్తే

అన్నిటికన్నా అశ్రద్ధ చేయరానిది గోరు పలచబడి నడుమ గుంట పడి చెంచాలా మారడం. చూపుడు వేలి గోటి మీద ఒక నీటిబొట్టు వేసి చూడాలి. మామూలు గోటి మీద బొట్టు పక్కకు జారిపోతుంది. గుంట పడిన గోటి మీద నిలుస్తుంది. ఎక్కువగా ఇనుము లోపించి రక్తహీనత ముదిరినప్పుడు గోరు ఇలా మారుతుంది. బరువు పనులు చేసేవారికి ఒరిపిడి వల్ల కూడా గుంట పడవచ్చు. ఏదన్నది రక్తపరీక్ష తేల్చేస్తుంది. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్లు.

ఇది ఎక్కడో ఉన్న జబ్బు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉంది. ఆయాసం, నీరసం, కళ్ళు తిరగడం చాకిరీ వల్లనే అనుకుని ఏళ్ళు గడిపేవారెందరో. గర్భిణికి రక్తహీనత ముదిరితే కాన్పులో తల్లి ప్రాణానికే ముప్పు.

నాట్లు వేసేవారికి మరో బెడద ఉంది. చెప్పులు లేకుండా బురద నేలల్లో తిరిగేవారి పాదాల చర్మం గుండా కొంకి పురుగు లోపలికి చేరుతుంది. పేగులను పట్టుకుని రక్తం పీలుస్తుంది. ఏం తిన్నా రక్తం పట్టకపోవడానికి ఇదొక కారణం. ఆల్బెండజోల్ మాత్రతో దీనిని వదిలించవచ్చు.

ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, ఆశ కార్యకర్తల ద్వారానూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. గర్భిణులు రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. మలం నల్లబడుతుందని భయపడి మానేయరాదు. అది సహజమే. తిండిలో మునగాకు, తోటకూర, రాగులు, నువ్వులు ఉండాలి. మాంసం, చేపలు తినేవారికి వాటిలోని ఇనుము సులువుగా ఒంటబడుతుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టాలంటే పులుపు తోడు కావాలి. వేలికి తొడిగే నిమ్మకాయ పప్పన్నంలో పిండుకుంటే మేలు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సగం వృథా. టీకి గంటైనా ఆగాలి.

కొనే మాత్రలు

గోళ్ళకోసమంటూ మందుల షాపుల్లో అమ్మే బయోటిన్ మాత్రల వల్ల గోళ్ళు కొంత దళసరెక్కినట్లు చిన్న చిన్న పరిశీలనల్లో కనిపించింది. అందరికీ అవి అవసరమని ఎక్కడా రుజువు కాలేదు. పైగా బయోటిన్ ఎక్కువగా వాడేవారి రక్తంలో థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. వాడేవారు పరీక్షకు ముందు డాక్టరుకు చెప్పాలి. గోటి మీది తెల్లమచ్చలు సున్నం లోపం వల్ల వస్తాయన్నది కూడా అపోహే. ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులే ఎక్కువ.

ఒకే గోటి మీద కొత్తగా నల్లని నిలువు చార వచ్చి వెడల్పవుతున్నా, వేళ్ళ కొసలు ఉబ్బి గోళ్ళు గుండ్రంగా వంగుతున్నా చిట్కాలతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి. వెళ్ళేటప్పుడు గోళ్ళరంగు తుడుచుకుని వెళ్ళాలి. రంగు కింద జబ్బు కనిపించదు.

వచ్చే ఆషాఢంలో ఆకు రుబ్బేముందు పది గోళ్ళనూ ఒకసారి వెలుతురులో పరికించి, చూపుడు వేలి మీద ఒక నీటిబొట్టు వేసి చూసుకుంటే చాలు. జారిపోతే నిశ్చింతగా గోరింటాకు పెట్టుకోవచ్చు. నిలిచిందంటే మర్నాడు చేలోకి దిగేముందే ఆసుపత్రికి వెళ్ళి రక్తం చూపించుకోవాలి.